కుడిపక్క సెలవు పెట్టిన మూడు పౌర్ణములు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు. నేను కోతలరాయుణ్ణి. అది నాకు అలవాటు కాదు, వృత్తి. మామూలు రోజుల్లో గురజాలలో ఒక ఎరువుల కొట్లో గుమాస్తాను. తిరునాళ్ళ కాలం వచ్చిందంటే మాత్రం బండలాగుడు పందేల దగ్గర మైకు నాది. ఎడ్ల జత బండని మూడడుగులు జరిపితే ముప్పై అడుగుల సంబరం చెప్పాలి. గిత్త తుమ్మితే ఉరుము ఉరిమిందనాలి. పాతికేళ్ళుగా ఇదే పని చేసీ చేసీ, ఇంట్లో ఉప్మా అడుగంటినా అగ్నిప్రమాదమనే చెబుతాను.

కాబట్టి ఇక్కడ రాసిన ప్రతిదాన్నీ కాస్త కుదించుకుని చదువుకోండి. జబ్బు మాత్రం నిజం. ఇట్టాంటిది మీకో మీ ఇంట్లో వాళ్ళకో వస్తే కాళ్ళూ చేతులూ ఆడకుండా కూర్చోకూడదని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈ పౌర్ణమి గొడవేందో నాకే ఇంకా సరిగ్గా అంతుబట్టలేదు. రాస్తేనన్నా తెలుస్తుందేమోనని.

పుష్య మాసం చివరి వారం

పొద్దున్నే పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించాను. ఎడమ పక్క నీళ్ళు బుద్ధిగా నోట్లోనే ఉన్నాయి. కుడిపక్కవి మాత్రం సాగర్ కుడికాలవకి గేట్లెత్తినట్టు దుమికాయి. బనియను, లుంగీ, పక్కనున్న తులసి కుండీ, దాని కింద పడుకున్న పిల్లి, అన్నీ తడిసిపోయాయి. అద్దంలో చూసుకుంటే కుడి బుగ్గ, తీగ మీద ఆరేసి మర్చిపోయిన దుప్పటిలాగా వేలాడుతోంది.

టీ గ్లాసుతో వచ్చిన మా ఆవిడ నాగమణి నన్ను చూసి పగలబడి నవ్వింది.

"పొద్దున్నే మొదలెట్టావా నీ యేషాలు!"

తప్పు ఆమెది కాదు. పాతికేళ్ళ కాపురంలో నేను పెట్టని మొహం లేదు. వియ్యపురాలి మొహం, వడ్డీ వ్యాపారి మొహం, ఓడిపోయిన సర్పంచి మొహం, అన్నీ ఆమె ముందు ప్రదర్శించినవే. ఇది కొత్త బాణీ అనుకుంది. నేనూ నవ్వబోయాను. సగం మొహమే నవ్వింది. అప్పుడు ఆగింది ఆమె నవ్వు.

"ఏమయ్యా, ఆ కన్ను మూయి."

"మూశాగా."

"మూయలేదయ్యా. తెల్లగుడ్డు కనపడతంది."

పక్షవాతం అనే మాట మా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ఇద్దరం దాన్ని పలకలేదు. ఈలోపు పిట్టగోడ మీదుగా పక్కింటి పెద్దమ్మ తల పెట్టింది. "మూతి వంకరకి ఏటి అవతల ఒకాయన ఆకు పసరు పోస్తాడంటమ్మా. పౌర్ణమి నాడు పోస్తేనే పారుద్దంట. ఎంత, ఇంకో మూడు వారాలేగా!"

"మూడు వారాలు ఈయన్ని ఉప్పులో ఊరేసి ఉంచమంటావా పెద్దమ్మా?" అంది నాగమణి. అనటమేంది, తలుపుకి తాళం కూడా వేసింది. గంటన్నరలో నరసరావుపేటలో ఉన్నాం. ఈ మొత్తం కథలో నన్ను కాపాడిన పని ఏదన్నా ఉందంటే ఆ తాళం వెయ్యటమే.

ఆసుపత్రిలో మా ముందు నలభై మంది ఉన్నారు. నా కుడి కన్ను మూతపడదు కాబట్టి నీళ్ళు వాటంతటవే కారతా ఉన్నాయి. పక్క కుర్చీలో రాజుపాలెం నుంచి మోకాళ్ళ నొప్పికి వచ్చిన ముసలమ్మ నన్ను కాసేపు చూసింది.

"ఎందుకేడుస్తన్నావ్ అబ్బాయ్?"

"ఏడవట్లేదమ్మా. కన్ను మూతపడట్లా."

"ఏదైతే ఏంది, నీళ్ళు నీళ్ళే" అని చీర కొంగుతో తుడిచింది. నేను మంచినీళ్ళు తాగలేక చొక్కా తడుపుకుంటుంటే, "ఆ మూల బొటనేలు పెట్టి నొక్కిపట్టుకో, ఎడం పక్క నుంచి తాగు" అని నేర్పింది. ఆవిడకి ఆ కిటుకు ఎట్టా తెలుసో అడగలేదు. తర్వాత మూడు నెలలు అట్టాగే తాగాను.

డాక్టరమ్మది మా కూతురి వయసు. కనుబొమలెత్తమంది, బుగ్గలు పూరించమంది, ఈల వెయ్యమంది. నా ఈలకి ఒకప్పుడు అచ్చంపేటలో గిత్తలు కట్టుతాళ్ళు తెంచుకునేవి. ఇప్పుడు సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టు ఉస్సుమంది. అన్నీ చూసి, "ఇది మెదడుకి వచ్చింది కాదు. మొహానికి పోయే నరం వాచింది. వెంటనే వచ్చారు, మంచిదైంది. మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడాలి" అంది.

"ఎన్నాళ్ళకి తగ్గుద్దమ్మా?"

"చాలామందికి తగ్గుతుంది. మీకెంత తగ్గుతుందో, ఎప్పటికి తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేను."

"చైత్రంలో పందేలున్నాయి. మైకు పట్టాలి."

"పట్టుకోండి. చేతులు బాగానే ఉన్నాయిగా" అంది, రాసుకుంటూనే.

నా మీద ఎదురు జోకు వేసిన మొదటి డాక్టరు. బాగుందని నవ్వబోయి ఆగాను. ఆ సగం నవ్వు బయట పెట్టాలంటే భయమేసింది. ఇంకో సంగతి బస్సులో తెలిసింది. ప, బ, మ అనబోతే పెదాలు కలవటం లేదు, గాలి పక్కకి పోతోంది. బండలాగుడు పందేల్లో బండ అనలేనివాడికి మైకెవరిస్తారు?

మాఘ పౌర్ణమి

పరామర్శలు మొదలైనాయి. ఒంటికంటితో ఏడ్చే మనిషిని చూడటానికి రాజుపాలెం, బెల్లంకొండ, అచ్చంపేట, మూడు మండలాలూ కదిలొచ్చినాయి. మా వరండాలో బత్తాయిల రాశి మిరప యార్డుని తలపించింది. వచ్చినవాళ్ళంతా నా కన్నీళ్ళు చూసి, "ధైర్యంగా ఉండాలి బాబాయ్" అని వాళ్ళు కూడా కళ్ళొత్తుకునేవాళ్ళు. నేను జోకేస్తే నవ్వకుండా "అయ్యో" అనేవాళ్ళు. జ్వరం తట్టుకోవచ్చు, ఇంజెక్షను తట్టుకోవచ్చు, జోకుకి "అయ్యో" అంటే మాత్రం తట్టుకోలేం.

మాచర్ల నుంచి అక్కా బావా వచ్చారు. బావ పోస్ట్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉత్తరాలు పంచే పని పోయాక గ్రహాల పని పట్టుకున్నాడు. ఒక చేతిలో పంచాంగం, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో ఎవరో పౌర్ణమికి మనసులో పట్టుకున్నవన్నీ వదిలెయ్యాలని చెబుతుంటారంట. రెండూ కలిపి నూరి మా మీద ప్రయోగిస్తాడు.

"నువ్వు పుట్టిందెప్పుడురా బామ్మర్దీ?"

బళ్ళో వేసిన తేదీ మా మేష్టారి దయ. నాకు తెలిసిందల్లా పోయిన మా అమ్మ చెప్పిన మాట. "నువ్వు పుట్టిన రాత్రి ఊరంతా పిండారబోసినట్టు వెన్నెల" అనేది. అది చెప్పగానే బావ మొహం వెలిగిపోయింది.

"అదీ సంగతి! పౌర్ణమి జాతకం. చంద్రుడు మనఃకారకుడు. నీ మనసు అంచుదాకా నిండిపోయి ఉంది. నువ్వేమో మూత బిగించి, దాని మీద కూర్చుని, జోకులేస్తన్నావ్. ఎక్కడో ఒకచోట పగలాలిగా!"

లోపల వంటింట్లో వేరే గ్రహయుద్ధం నడుస్తోంది. "ఆ మాత్రలు వేడి చేస్తయ్ నాగమణీ, ఇయ్యాల పౌర్ణమి, ఆ పసరేదో పోయిద్దాం" అని అక్క.

"కన్ను మూతపడని మనిషి మొహాన ఏ పసరు పడినా కన్ను పోద్ది వదినా. మీ తమ్ముడి మొహం మీకెంత ముద్దో నాకూ అంతే. అందులో సగం నాది."

"ఏ సగమే?" అన్నాను వరండాలోంచి. ఇద్దరూ నవ్వలేదు. ఆ సాయంత్రం దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు కూడా.

పొద్దుగూకేవేళ బావ నన్ను డాబా మీదకి తీసుకెళ్ళాడు. నా కళ్ళకి నల్లద్దాలు. తూర్పున చంద్రుడు ఎర్రగా, పెద్ద బండి చక్రమంత లేచాడు.

"కళ్ళు మూసుకో. మూసుకోగలిగినంత. ఇప్పుడు లోపల ఏముందో దాన్ని తరమమాక, రానీ. దాని పేరు చెప్పు."

"ఆకలి."

"అది భావం కాదురా."

"బెంగ."

"ఆఁ! దేని మీద?"

"మధ్యాన్నం అక్క చేసిన గారెల మీద. రెండే పెట్టింది."

బావకి కోపం రాలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నీ పేరున ఉత్తరమొచ్చింది. దాన్ని తీసుకోకుండా పోస్ట్‌మేన్‌తో పరాచికాలాడతన్నావ్. సరే, వచ్చే పౌర్ణమికి మళ్ళీ పట్టుకొస్తా" అని మెట్లు దిగాడు. ఉత్తరం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. విప్పటానికే చేతులు రాలేదు.

ఫాల్గుణం

ఈ నెలలో ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవటాన్ని కూడా నేను పెద్దది చేసి చెప్పగలను గానీ, మీకు విసుగు. రోజుకి రెండుసార్లు అద్దం ముందు అచ్చులు పలకాలి. బుడగలు ఊదాలి. ఒక్క బుడగా ఉబ్బలేదు. పడుకోబోయే ముందు నాగమణి నా కంట్లో మందు వేసి, రెప్పని వేలితో కిందకి దించి, పట్టీ అంటించేది. ఆ పని చేసినంతసేపూ ఆమె నా మొహంలోకి చూసేది కాదు, పట్టీ వంకే చూసేది. నా మొహం చూడలేకపోతోందని నేననుకున్నాను. ఆ ఆలోచన ఎవరికీ చెప్పలేదు.

అచ్చంపేట దగ్గర ఊళ్ళో పందేల కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు. "చైత్ర పౌర్ణమికి రాగలవా అన్నా? ఇబ్బందైతే పిడుగురాళ్ళాయన్ని అనుకుంటన్నాం. నీ మీద గౌరవంతో ముందు నిన్నడుగుతున్నాం." గౌరవం అనే మాట విన్నప్పుడల్లా మనిషి కొంచెం పోయినట్టే. "మళ్ళీ చెబుతా" అన్నాను.

పౌర్ణమి వచ్చింది. బావ పొద్దున్నే ఫోన్ చేసి గుర్తు చేశాడు. సాయంత్రం డాబా ఎక్కితే నాగమణి ఇంటికని ఆరబోసిన మిరపకాయలు కుప్ప చేస్తోంది. నేను పిట్టగోడ మీద కూర్చున్నాను. చంద్రుడు వస్తున్నాడు. ఈసారి ఆకలి అనబుద్ధి కాలేదు.

ఎడ్ల మధ్య పాతికేళ్ళు తిరిగినవాణ్ణి. గిత్త బెదిరితే కొత్తవాళ్ళు ముకుతాడు పట్టి గుంజుతారు. అది ఇంకా బెదిరి తాడుతో సహా పోద్ది. తెలిసినవాళ్ళు గుంజరు. పక్కన నిలబడి, గంగడోలు నిమురుతూ, దాని ఊపిరి దానికి అందేదాకా ఉంటారు. ఎద్దు దగ్గర ఇంత తెలిసినవాణ్ణి, నా కడుపులో బెదిరినదాన్ని మాత్రం రెండు నెలలుగా గుంజుతానే ఉన్నాను. ఆ రోజు గుంజలేదు. పక్కన నిలబడ్డాను.

"భయమేస్తందే నాకు" అన్నాను.

నాగమణి మిరపకాయలు దోస్తూ, "ఊఁ, తర్వాత?" అంది. అసలు జోకు వెనక వస్తుందని ఎదురుచూస్తోంది.

"తర్వాత లేదు. అంతే."

అప్పుడు చేట పక్కన పెట్టింది.

"మొహం ఇట్టాగే ఉండిపోద్దేమోనని. మైకు పోద్దేమోనని. నవ్వించలేకపోతే నా దగ్గర ఎవరు కూర్చుంటారని. నువ్వు కూడా."

"నీ జోకులకి నేను నవ్వి పదేళ్ళైంది. జోకుల కోసం కూర్చున్నానా నీ దగ్గర?" అంది. మళ్ళీ తనే అంది, "నవ్వితే ఆ రోజే నవ్వా. నీ మొహం పడిపోతా ఉంటే నవ్విన దాన్ని. పట్టీ వేసేటప్పుడల్లా అదే గుర్తొస్తది. నీ కళ్ళలోకి చూడలేకపోతన్నా."

ఆమెకి కళ్ళ నీళ్ళొచ్చినాయి. మిరపకాయల చేతులు, తుడుచుకోటానికి లేదు. మోచేతులు ఎత్తి అట్టాగే నిలబడింది. నా తువ్వాలుతో నేనే తుడిచాను. నేనూ ఏడ్చాను. కుడి కన్నుకి అది రోజూ చేసే ఉద్యోగమే. ఎడమది ఆ రోజే కొత్తగా చేరింది. మా డాబా మీద పారిన నీళ్ళకి ఆ యేడు కాలవ చివరి భూములు కూడా తడిశాయి. కుడి బుగ్గ మాత్రం కదల్లేదు. అయినా ఊపిరి హాయిగా ఆడింది. కట్టుకొయ్య నుంచి విప్పినట్టు ఉంది. ఎవరు కట్టారో, ఎవరు విప్పారో తెలియలేదు. అదే నాకు వింత.

సంబరంగా బావకి ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టినట్టున్నాడు, "చూశావా పౌర్ణమి జాతకం!" అని బావ కేక వెయ్యగానే వెనక నుంచి అక్క గొంతు.

"పౌర్ణమేందయ్యా? వాడు పుట్టింది అమావాస్య ముందు రోజు."

"వెన్నెలన్నాడుగా!"

"నాకప్పుడు పదేళ్ళు, నాకు తెలవదా? ఆ రాత్రి మా దొడ్డెనకే పందేలు. పెట్రోమాక్స్ లైట్లు పాతిక కట్టారు. నొప్పుల్లో ఉన్న మా అమ్మ కిటికీలోంచి ఆ వెలుగు చూసి వెన్నెలనుకుంది. మేం మాత్రం బాలింతరాలికి ఎదురు చెప్తామా?"

"మరి నెలరోజుల్నుంచి చెప్పవేమే?"

"నన్నెవరడిగారు? మీ గ్రహాలు మీరు చూసుకుంటిరి."

నేను పుట్టిన రాత్రి చంద్రుడు కిరసనాయిలుతో వెలిగాడన్నమాట.

"బావా, మరి నువ్వు చెప్పినవన్నీ ఎవరి జాతకం?"

"ఎవడిదో" అన్నాడు నీరసంగా. తర్వాత తేరుకున్నాడు. "ఒరేయ్, నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచా. ఒక్కోసారి ఒకరిది ఇంకొకరింట్లో పడుద్ది. వాళ్ళు చింపి చదువుకుని, తమకే రాశారనుకుని ఏడ్చిన సందర్భాలున్నయ్. ఏడుపు దొంగదా?"

దీని మీద నేను చానా ఆలోచించాను. చంద్రుడు నాకేమన్నా చేశాడా? నాకు తోచింది ఇదీ. భయాన్ని రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటే ఎప్పటికీ చూడం. పౌర్ణమి కోర్టు వాయిదా లాంటిది. ఆ రోజు హాజరవ్వాల్సిందే. తీర్పు చంద్రుడిస్తాడో లేదో తెలియదు గానీ, పిలుపు మాత్రం అందరికీ కనపడేట్టు ఆకాశానికి అంటిస్తాడు.

ఆ మర్నాడు కమిటీకి ఫోన్ చేశాను.

"మూతి ఎట్టా ఉందన్నా?"

"వంకరగా ఉంది. వస్తున్నా."

చైత్ర పౌర్ణమి

ఎండ నిప్పులు చెరుగుతోంది. మైదానం నిండా జనం. లక్ష మంది అని రాయబోయి మా ఆవిడ చూపుకి ఆగాను. నల్లద్దాలు తీసి మైకు పట్టుకున్నాను. వారం రోజులుగా తయారుచేసుకున్న జోకు ఒకటుంది. నోట్లోంచి అది రాలేదు.

"అందరికీ నమస్కారం. నా మొహంలో కుడిపక్క పని చెయ్యట్లేదు. కొన్ని అక్షరాలు జారిపోతయ్, ఏరుకోండి. నాకు భయంగా కూడా ఉంది. నవ్వాలనిపిస్తే నవ్వండి, అయ్యో అనాలనిపిస్తే అనండి. రెండిటికీ ఒప్పుకునే వచ్చా."

అప్పుడు వెనకాల ట్రాక్టరు మీద నుంచి ఒక గొంతు లేచింది.

"నువ్వు కానియ్ మావా! ఎడ్లకి నీ మొహంతో పనేంది?"

ఇంక చూడండి. నవ్వులే నవ్వులు. ఆ మోతకి కృష్ణ ఒడ్డున కొంగలు లేచి ఏటి అవతలికి వలస పోయినాయి. నేనూ నోరు తెరిచి, దాచుకోకుండా నవ్వాను. నవ్వుతుంటే వేలాడే కుడి బుగ్గ టప్పున పైకి లేచింది. కనుబొమ లేచింది, పెదాలు కలిశాయి, మొహం తిన్నగా అయిపోయింది. మొదటి జత బండ దగ్గరికి వచ్చింది. సాయంత్రం దాకా మైకు దించలేదు.

ఇప్పుడు

సరే, లెక్క చెప్పాలి. మూడు మండలాలు కదల్లేదు, వచ్చింది పదకొండు మంది. అచ్చంపేటలో ఏ గిత్తా తాడు తెంచుకోలేదు. చివరి భూములకి నీళ్ళు నేనివ్వలేదు. ఇవన్నీ సాగదీసినవే గానీ లేనివి కాదు. పెట్రోమాక్స్ చంద్రుడు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, మా అక్కనడగండి.

పూర్తిగా కల్పించింది ఒక్కటే. పందేల్లో నా మొహం టప్పున తిన్నగా అయిందన్నది. అవలేదు. ఆ రోజంతా వంకర మూతితోనే చెప్పాను. ప అనాల్సినచోట ఫ అన్నాను. ఒకచోట బండ అనే మాట పలకలేక "అదిగో అది కదిలింది" అని అరిచాను. గెలుపు ప్రకటించకుండా మైకు దించే అలవాటు లేదు కాబట్టి అట్టా రాసేశాను. తర్వాత నెలల్లో మందులకో, బుడగలకో, కాలానికో, ముప్పాతిక వంతు వచ్చింది. మిగతా పాతిక ఇంక రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. మీకెవరికన్నా పొద్దున్నే మొహం జారితే ఆ రోజే ఆసుపత్రికి పొండి. తిథి చూసుకోమాకండి. పౌర్ణమికి ఏడవాలనిపిస్తే అది వేరే సంగతి. నేను ఇప్పటికీ డాబా ఎక్కుతున్నాను.

మొన్న బ్యాంకు కాయితాలకి ఫొటో కావాల్సొచ్చి మా ఊరి స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో ఆయన కెమెరాలోంచి చూసి, "కొంచెం నవ్వండి బాబాయ్" అన్నాడు. నవ్వాను.

"కుడిపక్క కూడా."

"అది ఇంతేలే. నొక్కు" అన్నాను.